నోట్లో దూది, ఒళ్లో కీబోర్డు

వెబ్ డిజైనర్ పంటి నొప్పితో పరుగెత్తుకొచ్చి కూలబడ్డ కుర్చీ, అతను మూడు నెలలుగా ఫోనెత్తకుండా తప్పించుకు తిరుగుతున్న డాక్టరమ్మది.

నొప్పి ధాటికి బోర్డు కూడా చదవలేదు. కౌంటర్ దగ్గర పెద్దావిడ అడిగితే ఫోన్ నంబరు చెప్పి లోపలికొచ్చేశాడు. మత్తు ఇంజెక్షన్ పడింది. దవడ మొద్దుబారింది. "కళ్లు మూసుకోండి, మత్తెక్కిందో లేదో కదిపి చూస్తాను" అంది డాక్టర్. కాసేపు ఏదో కదిపింది. తర్వాత ఇంత దూది కుక్కి, "గట్టిగా కొరికి పట్టుకోండి. నోరు తెరవొద్దు" అంది.

కళ్లు తెరిస్తే ఎదురుగా కంప్యూటర్లో తను చేసిన సైటు. డాక్టరుతో మాటలన్నీ ఫోన్లోనే నడిచాయి కాబట్టి తన ముఖం ఆమెకు తెలీదు. అదొక్కటే ధైర్యం. పక్కన పళ్లెంలో పట్టకారు తళతళలాడుతోంది.

"అత్తయ్యా, అపాయింట్‌మెంట్ బటన్ ఇవాళ కూడా చచ్చి ఊరుకుంది" అని కేకేసింది డాక్టర్.

"ఆ సైటు చేసిన మహానుభావుడికి ఇంకోసారి ఫోన్ కొట్టనా అమ్మాయ్?" అంది కౌంటర్లోంచి పెద్దావిడ.

"కొట్టండి. దొరికాడంటే మత్తు లేకుండా ముప్పై రెండూ పీకేస్తాను."

డిజైనర్ చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోన్ అందులోనే ఉంది, ఇక మోగడమే తరువాయి. సైగలతో కాగితం అడిగి గబగబా రాశాడు. "ఫోన్ వద్దు. నాకీ పని తెలుసు. నేను చూస్తా."

కీబోర్డు ఒళ్లోకొచ్చింది.

తప్పెక్కడో అతనికి తెలుసు. అప్పట్లో బద్ధకించి, సైటుని నడిపించే స్క్రిప్టులన్నీ పేజీ పైభాగానికి చెందిన హెడర్ ఫైల్లో చేత్తో అతికించేశాడు. క్యాలెండర్ స్క్రిప్టు ముందు పరుగెత్తుకొస్తోంది, దానికి ఆధారమైన కోడు లైబ్రరీ తీరిగ్గా వెనకొస్తోంది. అవన్నీ తీసేసి, థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్లో ఒక్కొక్కటే నమోదు చేశాడు. ఏది దేని మీద ఆధారపడుతుందో రాశాడు. ఇక ఆ వరస సంగతి సిస్టమే చూసుకుంటుంది.

"ముందున్నట్టు హెడర్లో పెట్టేస్తే ఏమవుతుందండీ? అలా ఎవరైనా చేస్తారా?" అతని భుజం మీంచి తెర చూస్తూ అడిగింది డాక్టర్.

అతను కాగితం మీద రాశాడు. "బుద్ధిలేనివాళ్లు చేస్తారు."

డాక్టర్ ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

పెద్దావిడ వచ్చి బటన్ నొక్కింది. క్యాలెండర్ టపీమని విచ్చుకుంది. అత్తాకోడళ్లు చప్పట్లు కొట్టారు. తను కొట్టిన కోడు మొదటిసారే పనిచేసినందుకు డిజైనర్‌కి గాల్లో తేలినట్టయింది, ఆ సంతోషంలో ఒక్క క్షణం పన్ను సంగతే మర్చిపోయాడు.

డాక్టర్ గ్లవ్స్ తొడుక్కుంటోంది.

తేలినవాడు దబ్బున కిందపడ్డాడు. కుర్చీ చేతులు బిగించి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచాడు. ఇక పీకెయ్యమన్నట్టు తలూపాడు.

డాక్టర్ మెల్లగా దూది తీసేసింది. "మీ నంబరు చూడగానే మా అత్తయ్య గుర్తుపట్టారు కాబట్టి సైటు బాగయ్యేదాకా కూర్చోబెట్టాను గానీ, మీ పన్ను పీకి ముప్పావుగంటైందండీ."