బోజో గొంతు

మంచు ఇంత తొందరగా దిగుతుందని సెల్వి అనుకోలేదు. ఇప్పటిదాకా ఎదురుగా ఉన్న కొండ లేదు. కొండ కింద తమ గుడారం లేదు. పది అడుగుల అవతల ఏమీ సరిగా కనబడటం లేదు. చుట్టూ గొర్రెల ఊపిరి చప్పుడొక్కటే.

ఉన్నట్టుండి మంద కదిలింది. గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి ముద్దకట్టుకుపోయాయి.

గొర్రెలు అలా ముద్దకట్టడం తోడేలును పసిగట్టినప్పుడే.

"మామా!" అని కేకేసింది.

మామ ఇద్రీస్ మందకు ఆవలి పక్క ఊట దగ్గర తొట్టి కడుగుతున్నాడు. బదులు రాలేదు. మొగుడు హిదిర్ ఉప్పు కోసం సివాస్ పట్నానికి దిగి వెళ్లాడు. కొండ మీద ఉన్నది తనూ, ముసలాయనా, కుక్కా.

"మామా! పలుకు మామా!"

ఆవలి పక్క నుంచి ఏదో కలబడిన చప్పుడు. గుర్రుగుర్రుమన్న అరుపులు. రాళ్లు దొర్లాయి. ఏదో కీచుమంది. ఆ వెంటనే అంతా సద్దుమణిగింది. చప్పుడు కంటే అదే ఎక్కువ వణికించింది.

కాసేపటికి మొరుగు మొదలైంది. బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టుగా.

"బోజో!" సెల్వికి ప్రాణం లేచొచ్చింది.

బోజోను పెంచింది తనే. అది గొర్రెల దొడ్లోనే పుట్టింది. తల్లి చచ్చిపోతే, ఈనిన గొర్రె పక్కన పడుకోబెట్టి ఆ పాలే పట్టింది. ఇద్రీస్ చూసినప్పుడల్లా విరుచుకుపడేవాడు.

"ముద్దు చెయ్యకు పిల్లా! నిన్ను చూసి తోకాడిస్తే అది నీ కుక్క. గొర్రెను చూసి తోకాడించాలి. అప్పుడే తోడేలుకు ఎదురు నిలబడుద్ది."

"పసిది కదా మామా."

"పసిదా? దూడంత ఉంది! ఉరిమితే పొట్టేలు కిందకు దూరుద్ది. నువ్వూ పిరికే, నీ కుక్కా పిరికే. మీ ఇద్దరికీ ముళ్లపట్టీ కట్టినా దండగ."

అలా అన్నాడే గానీ, మొన్న కొండెక్కేటప్పుడు, తోడేలు గొంతు పట్టకుండా కట్టే ఇనుప ముళ్లపట్టీని బోజో మెడకు తన చేతులతోనే బిగించాడు.

ఇప్పుడా పిరికిదే మొరుగుతోంది. మంద అంచు వెంబడి ఇటూ అటూ తిరుగుతూ మొరుగుతోంది.

సెల్వి కర్ర బిగించి పట్టుకుంది. ఎదురుగా మంచులో ఒకచోట బూడిద రంగు చిక్కబడింది. అది రాయి కాదు. రాయికి చెవులుండవు.

"హో! హో!" గొంతు చించుకుని అరిచింది. రాయి విసిరింది. తోడేలు రవ్వంత పక్కకు జరిగి, మళ్లీ నిలబడింది. మనిషి గొంతును అది లెక్కే చేయలేదు. తల వంచి ఒక అడుగు ముందుకేసింది.

ఆవలి నుంచి మొరుగు వచ్చింది. తోడేలు చెవులు అటు తిరిగాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"శభాష్ బోజో! అట్టాగే నా తండ్రీ!" సెల్వి ఏడుస్తూ నవ్వింది. "పిరికిదన్నాడుగా ముసలాయన! విను మామా, విను!"

మామ పలకలేదు. ఇందాకటి కీచు గుర్తొచ్చింది. అది గొర్రెదేనా? ఊట దగ్గర ముసలాయన ఎలా పడి ఉన్నాడో.

"తిట్టడానికైనా పలుకు మామా!"

మొరుగొక్కటే బదులు. గంటలు గడిచినా మంచు వీడలేదు, తోడేలు పోలేదు. మొరుగు కూడా ఇప్పుడు తిరగడం లేదు. ఒకేచోట నుంచి వస్తోంది. గొంతు పూడుకుపోతోంది. మొరుగు మొరుగుకూ మధ్య ఎడం పెరుగుతోంది.

చివరికి ఆగిపోయింది.

తోడేలు తలెత్తి విన్నది. దాని పక్కన ఇంకొకటి వచ్చి నిలబడింది. రెండూ కలిసి కదిలాయి. సెల్వి వెనక్కి జరిగింది. వీపుకు గొర్రెల ఉన్ని తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు.

"యా అల్లా... బోజో, ఒక్కసారి! నా బంగారూ, ఒక్కసారి!"

మొరుగు వచ్చింది. పగిలిన కుండ మోగినట్టుంది. అయినా వచ్చింది. మళ్లీ వచ్చింది. తోడేళ్లు ఆగిపోయాయి. కాసేపు అక్కడే తచ్చాడి, మంచులోకి వెనుదిరిగాయి.

ఎండ పొడ తగలగానే తెర తీసినట్టు కొండ బయటపడింది. దూరంగా గట్టు దాటుతున్న తోకలు కనిపించాయి. సెల్వి కర్ర పారేసి, మందను చుట్టి ఊట వైపు పరుగెత్తింది.

తొట్టి పక్కన గొంతు తెగిన తోడేలు పడి ఉంది. దాని మీద బోజో.

మెడకున్న ముళ్లపట్టీ చెక్కుచెదరలేదు. పొట్ట మాత్రం చీలిపోయి ఉంది. గాయం మీద నెత్తురు నల్లగా ఎండిపోయింది. సెల్వి చేయి వేసి చూసింది. ఎప్పుడు పోయిందో, ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

అప్పుడే బండ వెనక నుంచి మొరుగు వినబడింది.

సెల్వి తల గిర్రున అటు తిప్పింది. చేయి బోజో మీద నుంచి తీయలేదు. మొరుగు మళ్లీ వచ్చింది. సెల్వి పాకుతున్నట్టుగా బండ చుట్టూ తిరిగి, అవతలికి తొంగి చూసింది.

మోకాళ్ల మీద కూలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, పెదాల వెంట నెత్తురు కారుతున్నా ఆపకుండా మొరుగుతున్నాడు ఇద్రీస్ మామ.