చెవి వెనక బిళ్ళ

మా ఆయన చెవి వెనక బిళ్ళ పెట్టించుకుని మూడేళ్ళయింది. ఊళ్ళో ఇప్పుడు నాకు తప్ప అందరికీ ఉన్నదే. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని మెదడుకి చెప్పేస్తుంది. నలభై కిలోలు తగ్గారు, కాదనను. కానీ గుత్తివంకాయ వండినా, గంజి కాచినా ఒకటే మొహం! ఆకలి లేని నాలుకకి రుచేం తెలుస్తుంది? మారు వడ్డించబోతే "చాల్లే సుభద్రా" అని చెయ్యి అడ్డం పెడతారు.

నిన్న ఆదివారం తలంటుకున్నారు. చెవి వెనక గుడ్డ కట్టుకోండని చెబితే వింటేనా? నువ్వులనూనె కారి బిళ్ళ ఆగిపోయింది. మధ్యాహ్నం మొదటి ముద్దకే మొహం చిట్లించారు.

"పప్పులో ఉప్పేదీ? అసలు వేశావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆర్నెల్లయింది మానేసి! ఎప్పుడడుగుతారా అని రోజూ చూస్తున్నా. నా కంచంలో నేను కలుపుకుంటున్నా, తెలుసా?"

ఉప్పు డబ్బా ఠక్కున ముందు పెట్టాను. కలుపుకుని తిన్నారు. రెండుసార్లు మారు అడిగారు.

"రేపు బిళ్ళ బాగుచేయించుకోవాలి, గుర్తుచెయ్యి," అన్నారు వేళ్ళు నాకుతూ.

అలాగే గుర్తుచేస్తాను. వచ్చే ఆదివారం మాత్రం తలకి నూనె నేనే పెడతాను.