తొక్కకూడని చెక్క

"ఏవండీ, ఆగండి! ఆ చెక్క ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

దుర్గాశ్రీ కేకకి ఆ పెద్దావిడ బడి గేటు దగ్గర ఆగిపోయింది. చంకలో వెడల్పాటి చెక్క.

భీమవరంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న దుర్గాశ్రీ తన జట్టుతో మొగల్తూరు దగ్గరి ఈ మత్స్యకారుల పల్లెకి వచ్చింది. పాత పడవని విప్పగా వచ్చిన చెక్కతో బడిలో పిల్లలు చదువుకునే గది తయారుచేస్తున్నారు. గోడలకీ, అరలకీ, కూర్చునే బల్లలకీ అదే చెక్క. కాగితం మీద కాకుండా తన చేతులతో చేస్తున్న మొదటి గది! పిల్లలు పరుగున వచ్చి అందులో కూర్చుంటే చాలు, ఆమెకి అదే పట్టా.

రేపే ప్రారంభం. అందరూ భోజనాలకి లేచిన వేళ చూసి వచ్చిందన్నమాట ఈవిడ!

"ఇది పడవ ముందుండే తల చెక్కమ్మా. పసుపు రాసి దండం పెట్టుకునేది. కాలు తగలకూడదు. నాకిచ్చెయ్యండమ్మా," అంది పెద్దావిడ.

"కాలు తగలకూడదు గానీ, పొయ్యిలోకి పనికొస్తుందాండీ?"

పక్కనే ఉన్న జట్టులోని ఉదయ్‌కుమార్ కిసుక్కున నవ్వాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. చెక్కని గోడకి ఆనించి, చేత్తో తాకి కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

"కట్టెల కోసం ఎన్ని కథలో!" అనుకుంది దుర్గాశ్రీ. రైతుల ఇంట పుట్టిన పిల్ల. వరి చేల సంగతి అడిగితే చెబుతుంది గానీ, పడవల సంగతి ఆమెకేం తెలుసు?

ఉన్నవాటిలో అదే గట్టి చెక్క. చిత్రిక పట్టినా పసుపు మరక పూర్తిగా పోలేదు. అయినా అందంగానే ఉందనుకుని, గుమ్మం ముందు మెట్టుగా బిగించేసింది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

మర్నాడు రిబ్బన్ కత్తిరించారు. చప్పట్లు మోగాయి. పిల్లలు పరుగున వచ్చి, మెట్టు దగ్గర ఆగిపోయారు.

"రండర్రా, లోపలికి రండి!"

ఒక్కరూ కదల్లేదు.

"అది పడవ తల చెక్కండి. పసుపు కనిపిస్తోంది కదండీ! తొక్కితే మా అమ్మ చంపేస్తుందండి," అంది ముందున్న అశ్విని.

దుర్గాశ్రీ కంగారుపడింది. అయినా చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. అందరూ చూస్తుండగానే బోల్టులు విప్పి, చెక్కని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది.

పిల్లలు బిలబిలమంటూ లోపలికి దూరారు. క్షణంలో గది నిండిపోయింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు పెద్దావిడ గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"మేడమ్, నిన్న ఒకావిడ ఈ చెక్క అడిగారండి. నేనే దొంగని చూసినట్టు చూసి పంపేశాను. ఇల్లు చూపించండి, క్షమించమని చెప్పి ఇచ్చి వస్తాను," అంది బడి టీచరు సత్యవాణితో.

"నూకరత్నంగారమ్మా. పొద్దున్న బస్సుకే కాకినాడ వెళ్లిపోయారు, తమ్ముడి దగ్గరికి. ఇక ఈ ఊరు రానన్నారు."

"ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

సత్యవాణి బల్ల మీది చెక్క వైపు చూసింది.

"ఆ సంగతి మీకు చెప్పొద్దన్నారు గానీ... ఇటికబట్టీవాళ్లు కట్టెల కింద కొంటామని ఎంత బతిమాలినా ఇవ్వకుండా, తన పడవ మొత్తం మీ గదికి ఊరికే ఇచ్చేసిన మనిషి ఆవిడేనమ్మా."