రాణిగారి కాళ్లనొప్పులు

“రాణి ఏమాయెనో చెప్పు ముందు” అంది ప్రసన్నకుమారి టీచరమ్మ, సూదులు గుచ్చడం పూర్తయిందో లేదో.

మణెమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, స్టూలు లాక్కుంది. పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉంది. నంద్యాలలోని ఆ డయాలసిస్ వార్డుకు ఆమె ఒక్కతే ఆయా. పది పడకలు. ఎవరికి వాంతి అయినా, ఎవరు నీళ్లడిగినా మణెమ్మే. నడుము రెండు ముక్కలవుతోంది. అయినా టీచరమ్మ సంచి అందుకుని, అందులోని లావుపాటి పుస్తకం తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

టీచరమ్మది ఆళ్లగడ్డ. షుగరు ముందు ఆమె కళ్లను తినేసింది, తర్వాత కిడ్నీలను. వారానికి మూడు రోజులు తమ్ముడి కొడుకు మహేష్ కారులో తీసుకొస్తాడు. మిషను మీద నాలుగు గంటలు. మొదట్లో వినీత అనే నర్సు ఆమెకు ఒక నవల చదివి వినిపించేది. ఏడు కోటలు, రెక్కల గుర్రాలు, రాజ్యం పోగొట్టుకున్న రాణి. వార్డు తుడుస్తూ మణెమ్మ కూడా ఒక్క ముక్క వదలకుండా వింది. మహేష్ రెండో భాగం తెచ్చేసరికి వినీతకు వేరే ఊరికి బదిలీ అయింది.

ఆ రోజే టీచరమ్మ తేల్చి చెప్పేసింది. ఈ సూదులతో విసుగొచ్చిందని, రాణి సంగతి తెలుసుకోవాలన్నది ఒక్కటే మిగిలిన ఆశ అని, రెండో భాగం అయిపోయాక ఇక రానని. రెండు వారాలు మిషను ఎక్కకపోతే మనిషి దక్కదని వార్డులో అందరికీ తెలుసు. మహేష్ తల పట్టుకున్నాడు. నేనుండా గదప్పా అంటూ మణెమ్మ పుస్తకం అందుకుంది. ఖాళీ అయిన పడకలు ఆమె చాలానే చూసింది. ఈ మనిషిది చూడలేననుకుంది.

నాలుగు నెలలయింది. టీచరమ్మకు రెండో భాగం తెగ నచ్చింది. రాణి మారువేషంలో పత్తి చేలో కూలికి పోవడం, రెక్కల గుర్రానికి డెక్క పగిలితే పసుపు రాయడం, సేనాపతి పెళ్లాం చాటుగా సంగటి పంపడం, అన్నీ విని చిన్నపిల్లలా నవ్వేది.

“మొదటిదాంట్లో అన్నీ కత్తులే. దీంట్లో రాణికి కాళ్లనొప్పులు గూడా వస్తాండాయి. రాసినోనికి ఇప్పుడు బుద్ధొచ్చింది” అని మెచ్చుకుంది. పక్క పడకల వాళ్లు కూడా టీవీ ఆపించేవారు.

మణెమ్మకు మాత్రం ఒళ్లు హూనమయ్యేది. శిరివెళ్లలో ఇంటి దగ్గర రొట్టెలు తడుతున్నా, నంద్యాల ఆటోలో కూర్చున్నా రాణే బుర్రలో తిరిగేది. వీలైనంత సాగదీసేది. గంటకొక కాగితం కంటే తిప్పేది కాదు. కానీ టీచరమ్మ దగ్గర ఆటలు సాగవు. వెళ్లేముందు పుస్తకం చేతిలోకి తీసుకుని, మిగిలిన కాగితాల మందం వేళ్లతో తడిమి చూసుకునేది.

ఈ రోజు ఒకే కాగితం మిగిలింది.

రాణి కోట వాకిలి దాకా వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. ఎవరో గడియ తీస్తున్న చప్పుడు. మణెమ్మ అక్కడ ఆపి అట్ట మూసింది. గొంతు బొంగురుపోయింది.

“అయిపాయెనా?” అంది టీచరమ్మ.

“అయిపాయె టీచరమ్మా. మూడో భాగం ఉందంట. మహేష్‌తో తెప్పిస్తాం. శనివారం రాండి.”

సూదులు తీశాక టీచరమ్మ దూది అదిమి పట్టుకుంది. మహేష్ వచ్చి చెయ్యందిస్తే లేచింది. నిజానికి ఇంకో భాగం లాగే ఓపిక మణెమ్మలో లేదు. అయినా ఎలాగోలా తెచ్చుకోవాలనుకుంటూ పుస్తకాన్ని సంచిలో సర్దింది.

తలుపు దగ్గర టీచరమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

“మూడోది కొనొద్దు మణెమ్మా, శనివారం వస్తా, ఉత్త చేతులతోనే చెప్పు, నీ గొంతు మర్చిపోతానా, శిరివెళ్ల రాత్రిబడిలో ఏడాది పొడుగునా తిప్పలు పడినా నీకు ఒక్కక్షరం నేర్పలేకపోయింది నేనే గదా.”