ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా

భర్త ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి హాలంతా చీలమండల లోతు నీళ్లు. వంటగదిలో పైపు పగిలింది. ఫ్రిజ్ తీగ నీళ్లలో తేలుతోంది. అతను ప్యాంటు మడిచి లోపలికి కాలు పెట్టబోయాడు.

“ఆగండి! అడుగు వేశారంటే ఊరుకోను!”

బయట మేడమెట్ల మీద కూర్చున్న భార్య అరిచింది. పది రోజుల తర్వాత ఆమె అతనితో ఆడిన మొదటి మాట అదే.

“నీళ్లు కట్టేశాను, మెయిన్ ఆపేశాను. అయినా ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా లోపలికి వెళ్లకూడదు. కరెంటుతో ఆటలా?”

అతను మెట్టుకి ఆ చివర కూలబడ్డాడు. అరగంట సేపు ఇద్దరూ చెరో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి అతనే నోరు విప్పాడు.

“ఇంతకీ మనం దేనికి పోట్లాడుకున్నాం?”

“మీరే ఏదో అన్నారు.”

“ఏమన్నాను?”

ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు. ఫక్కున నవ్వేసింది. అతనూ నవ్వాడు. ఇక కబుర్లే కబుర్లు.

పొద్దు వాలుతుండగా ఎలక్ట్రీషియన్ మెట్లెక్కి వచ్చాడు.

“ఇదేనా నువ్వు రావడం?” అని భర్త కసిరాడు.

“అదేంటి సార్! మూడింటికే వచ్చి అన్నీ చూశాను. భయం లేదు, లోపలికి వెళ్లొచ్చని అక్కకి చెప్పాను కదా. టెస్టర్ ఇక్కడే మర్చిపోతే మళ్లీ వచ్చాను.”

భార్య గోడ మీది బల్లిని మహా శ్రద్ధగా చూస్తోంది.

భర్త ఆమె పక్కకు జరిగి కూర్చున్నాడు.

“వచ్చినవాడివి ఇంకోసారి చూడు తమ్ముడూ. తొందరేం లేదు, నిదానంగా చూడు.”