అద్దం బాబాయ్ గడ్డం

అద్దం బాబాయ్ గడ్డానికి ఈ వారం కూడా గాట్లు పడ్డాయి.

ఆయన సెలూన్ నడుపుతాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. బుగ్గలు ఎప్పుడూ నున్నగా మెరుస్తుంటాయి కాబట్టి వీధి వీధంతా అద్దం బాబాయ్ అనే పిలుస్తుంది. షాపు బోర్డు రంగు వెలిసిపోయి చాలాకాలమైనా ఆయన పట్టించుకోలేదు. మొహమే బోర్డు. ఆ మొహం చూసే జనం లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటారు.

అలాంటి మొహం మీద ఇప్పుడు దవడ కింద ఒక గాటు, పెదవి పక్కన ఇంకొకటి. పటిక రాసినా దాగలేదు.

కుర్చీలో కూర్చోబోయిన పోస్ట్‌మాస్టర్ వాటిని చూసి, అర్జెంటు పని గుర్తొచ్చిందంటూ లేచాడు. ఆ అర్జెంటు పని ఎదురు సెలూన్‌లో ఉన్నట్టుంది. తిన్నగా రోడ్డు దాటి వెళ్లి అక్కడ కూర్చున్నాడు.

ఎదురు సెలూనాయనకూ అద్దం బాబాయ్‌కీ పడదు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నారు. ఎదురెదురుగా షాపులు పెట్టిన నాటి నుంచి వీధిలో తారసపడితే మొహాలు తిప్పుకుంటారు. ఒకరి పనితనం గురించి ఒకరు తమ కుర్చీల్లో ఉన్నవాళ్లకు కథలు కథలుగా చెబుతారు. గొంతు మీద కత్తి ఉన్నంతసేపూ వినేవాళ్లు కాదనలేరు.

చిక్కేమిటంటే, ఎదురాయన గడ్డం ఎప్పటిలాగే నిగనిగలాడుతోంది. జనం అటు వేలు చూపించి, గడ్డమంటే అలా ఉండాలంటున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బాబాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అక్కణ్నుంచి బయటికొచ్చిన పోస్ట్‌మాస్టర్ బుగ్గకు కాగితం ముక్క అంటించుకుని ఉన్నాడు. తన చర్మం మొదట్నుంచీ సున్నితమని దారిలో అందరికీ తనే చెప్పుకుంటూ పోయాడు.

ఇలాగే సాగితే షాపుకు తాళం వేసుకోవడమే. ఆ భయంతోనే బాబాయ్ సంచిలోంచి తోలుపట్టీ తీసి బల్ల మీద పరిచాడు. గడ్డం గీసేముందు కత్తిని అటూ ఇటూ రుద్ది పదును తేల్చే పట్టీ అది. మెత్తగా ఉండాల్సింది ఎండిపోయి అట్టముక్కలా తయారైంది. దాని మీద రుద్దిన కత్తి బుగ్గ మీద గీరుతుంది తప్ప జారదు.

"దీన్ని ఎండలో వేలాడదీసిన మనిషికి బుద్ధుండాలి," అన్నాడు బాబాయ్.

తనను తాను ఇంత నిజాయితీగా తిట్టుకునే మనిషిని ఎక్కడా చూడలేదని బెంచీ మీద పేపరు చదువుతున్న లెక్కల మాస్టారు మెచ్చుకున్నారు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మాస్టారు పట్టీని రాత్రంతా నీళ్లలో నానబెట్టమన్నారు. పక్కషాపు టైలరు వెన్న రాయమన్నాడు. నానితే తోలు ఉబ్బుతుందనీ, వెన్న రాస్తే నాలుగు రోజులకే కంపు కొడుతుందనీ ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేసరికి బాబాయ్ నోరు నొప్పెట్టింది.

ముందు తడిగుడ్డతో పట్టీని తుడిచి నీడలో ఆరనిచ్చాడు. రెండు చుక్కల ఆముదం అరచేతిలో వేసుకుని, తోలు వేడెక్కేదాకా రుద్దాడు. ఆపైన ఖాళీ గాజుసీసాను దాని మీద దొర్లించాడు. మళ్లీ ఆముదం, మళ్లీ అరచెయ్యి, మళ్లీ సీసా. మధ్యలో ఎవరైనా వస్తే చేతులు కడుక్కుని గడ్డం గీసి పంపేవాడు. పొద్దుట్నుంచి ఒక్క బుగ్గకూ గాటు పడలేదు. అది మాత్రం ఎవరి కంటా పడలేదు. అందరి కళ్లూ ఆయన గడ్డం మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్య ఆముదం సీసా వంక చూసింది. మన పిల్లలకు కూడా మీరెప్పుడూ ఇలా ఒళ్లు రుద్దలేదని సణిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఈ చాకిరీ మీరు చెయ్యాలా?"

"కోతలు పడేది నా గడ్డానికే కదే."

ఆయన తింటున్నంతసేపూ ఆవిడే కూర్చుని పట్టీ రుద్దింది. బాబాయ్‌కి ఆ పూట అన్నం హాయిగా లోపలికి దిగింది.

సాయంత్రానికి తోలు దారికొచ్చింది. వేలికి చుడితే చుట్టుకుంది, వదిలితే సాపుగా పరుచుకుంది. బాబాయ్ దాన్ని కొక్కేనికి తగిలించి కత్తిని అటూ ఇటూ ఆడించాడు. ఎండినప్పుడు టపటపమని మోగిన తోలు ఇప్పుడు సుతారంగా పలికింది. మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇంకెందుకాలస్యం, మా ముందే గీసేసుకో. రేపు నేనే వీధంతా చెప్తాను," అన్నారు.

"నలుగురి ముందు చేసే పని కాదు మాస్టారూ, కాస్త చాటుగా జరగాలి," అన్నాడు బాబాయ్.

రోజంతా నలుగురి గడ్డాలూ నలుగురి ముందే గీసే మనిషికి ఈ సిగ్గేమిటో మాస్టారికి అంతుపట్టలేదు. తల ఆడించి ఇంటికి వెళ్లిపోయారు.

బాబాయ్ షట్టర్ దించి, పట్టీని చుట్టి సంచిలో పెట్టుకుని, వీధి చివరిదాకా నడిచి రోడ్డు దాటి, వెనక సందులోంచి వచ్చి ఎదురు సెలూన్ పెరటి తలుపు తట్టి, "ఇదిగో నీ పట్టీ, ఈసారి ముందు నాది గియ్యి, నీది నేను తర్వాత గీస్తాను," అంటూ ఎదురాయన కుర్చీలో వెనక్కి వాలాడు.