ఇంట్లో ఉండేవాళ్లు

తైవాన్‌లోని తైచుంగ్ నగరంలో, ఫోన్ల మీద ఎన్నికల సర్వే చేసే ఆ ఆఫీసులో ఫాంగ్‌యూకి విసుగెత్తిపోయింది. సాయంత్రం నుంచి ఎన్ని ల్యాండ్‌లైన్లకి చేసినా ఎత్తేది ముసలమ్మలే. వయసులవారీ కోటా నిండాలంటే ఇరవైల్లో ఉన్న మగపిల్లాడు ఇంకొక్కడు కావాలి. వాడు దొరికితే ఇంటికి పోవచ్చు.

"ఈ కాలం కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని ల్యాండ్‌లైన్ ఎత్తుతారా, అక్కా? మన లెక్క ప్రకారం ఈ దేశంలో ఓట్లన్నీ ముసలమ్మలవే," అంది.

"ఉపన్యాసం ఆపి ఫోన్ చెయ్యవే," అంది సూపర్‌వైజర్ అక్క.

కంప్యూటర్ తనకి తోచిన నంబరేదో కలిపింది. మొదటి రింగు పూర్తికాకముందే ఎవరో ఎత్తారు.

"మగవాణ్ణేనండీ. ఇరవై రెండేళ్లు," అన్నాడు, ఆమె ఇంకా ఏమీ అడగకముందే.

ఫాంగ్‌యూకి ప్రాణం లేచొచ్చింది. ఏ పార్టీ, ఏ అభ్యర్థి, అన్నిటికీ అతను ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఎప్పుడూ అడిగే ఆఖరి ప్రశ్న మిగిలింది.

"మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది?"

"ఇంకొకావిడ ఉందండీ. పగలంతా పడుకుంటుంది, సాయంత్రం కాగానే ఫోన్ల ఆఫీసుకి పోతుంది. నేనెప్పుడూ ఇంట్లోనే ఉంటాను. ఇన్నాళ్లలో నన్ను అడిగినవాళ్లు మీరొక్కరే."

ఫాంగ్‌యూ అప్పుడు చూసింది తెర మీది నంబరు. అది తను ఒంటరిగా ఉండే అద్దె ఇంటిది.

"మొహం అలా పెట్టావేమే?" వెనక నుంచి విసుక్కుంది సూపర్‌వైజర్ అక్క. "అడిగిన కుర్రాడు దొరికాడుగా. ఇంక ఇంటికి పో."